ఔలీకి మంచు లేనప్పుడు వెళ్ళండి

నవంబరు వచ్చిందంటే చాలు, ఉత్తరాఖండ్‌లోని మంచు వాలు ఔలీ గురించి తెలిసినవాళ్ళ దగ్గర్నుంచి నాకు ఒకటే ప్రశ్న: "డిసెంబరు ఆఖరి వారంలో ఔలీ వెళ్తున్నాం, మంచు ఉంటుందా?" ఉండొచ్చు, ఉండకపోనూవచ్చు అంటాను. మంచు కోసమే అయితే ఫిబ్రవరి దాకా ఆగమంటాను. ఔలీని చూడాలనుకుంటే మాత్రం అక్టోబరులో వెళ్ళమంటాను. ఆ చివరి మాట దగ్గరికొచ్చేసరికి ఎవరూ నమ్మరు. మంచు లేని ఔలీలో ఏముంటుంది అని ఎదురడుగుతారు. చాలా ఉంటుంది. అంతేకాదు, మనం మంచు కోసం ఒక్క నెల మీదే ఎగబడటం వల్ల ఆ కొండకి జరుగుతున్న చెరుపు కూడా ఉంది. రెండూ కలిపి చెప్పకపోతే మాట సగమే అవుతుంది.

ఔలీ అంటే ఒక ఊరనుకుని వెళ్తే అక్కడ ఊరు కనిపించదు. ఒక పొడుగాటి వాలు, కొన్ని హోటళ్ళు, 1973 నుంచి నడుస్తున్న ఐటీబీపీ (భారత-టిబెట్ సరిహద్దు పోలీసు) పర్వతారోహణ, స్కీయింగ్ శిక్షణ సంస్థ, ఒక ఛెయిర్‌లిఫ్ట్, ఆ పైన అడవి. అంతే. ఊరు కింద ఉంది. అది జోషీమఠ్. 2024లో అధికారికంగా జ్యోతిర్మఠ్ అని మార్చారు గానీ జనం నోట ఇంకా పాత పేరే. ఉత్తరాఖండ్‌లో చమోలీ జిల్లా, బదరీనాథ్ దారి. జోషీమఠ్ దాదాపు 1,900 మీటర్ల ఎత్తున ఉంటే ఔలీ వాలు 2,500 నుంచి 3,000 మీటర్లు దాటేదాకా సాగుతుంది. పైన జరిగే సంబరానికి గ్యాసు బండలు, కూరగాయలు, పనివాళ్ళు అంతా కింది నుంచే ఎక్కాలి, పైన పోగయ్యే చెత్తంతా కిందికే దిగాలి. అందుకే ఔలీ గురించి మాట్లాడుతూ జోషీమఠ్‌ని వదిలేయడం నాకు చేతకాదు.

ముందు శీతాకాలానికి దక్కాల్సిన న్యాయం చేస్తాను. స్కీయింగ్ గొప్ప విద్య, దాన్ని తక్కువ చేయడానికి రాయడం లేదు. నేర్చుకుందామని వెళ్ళేవాళ్ళకి మన దేశంలో గుల్మార్గ్ తర్వాత చెప్పుకోదగ్గ చోటు ఔలీయే. గఢ్వాల్ మండల్ వికాస్ నిగమ్ వాళ్ళు ఏడు రోజులు, పద్నాలుగు రోజుల కోర్సులు నడుపుతారు. ఒకసారి అక్కడ మొదటిరోజు తరగతిని దగ్గర నిలబడి గమనించండి. ఆ బూటు గట్టి ప్లాస్టిక్‌ది, చీలమండ కదలనివ్వదు. మునివేళ్ళ వైపు ముందు స్కీ మీది బిగింపులోకి దూర్చి, మడమతో బలంగా తొక్కితే టక్కుమని పడుతుంది. అప్పటినుంచి మన కాళ్ళు మన మాట వినవు. రెండు స్కీల ముందు కొసల్ని దగ్గరికి, వెనక కొసల్ని దూరంగా పెట్టి లోపలి అంచులతో మంచుని గీరుతూ ఆగడం నేర్పుతారు. దాన్నే స్నోప్లో అంటారు. మొదటి రెండు రోజులూ ఆగడం, పడటం, పడ్డాక వాలుకి అడ్డంగా కాళ్ళు పెట్టుకుని లేవడం, అడ్డంగానే మెట్టు మెట్టుగా పైకి ఎక్కడం. మూడోరోజుకి శరీరం మెల్లగా అర్థం చేసుకుంటుంది. వారం చివరికి చిన్న వాలు మీద మలుపు తిరగగలిగినవాళ్ళ మొహం చూస్తే ముచ్చటేస్తుంది. ఇది వారం పెట్టగలిగినవాళ్ళ ఆనందం.

మనవాళ్ళలో నూటికి తొంభై మంది వెళ్ళేది దీనికి కాదు. హరిద్వార్, రిషీకేశ్, ఔలీ కలిపిన ప్యాకేజీలో ఔలీకి దక్కేది ఒక పగలు. రిషీకేశ్ నుంచి రెండువందల యాభై కిలోమీటర్ల ఘాట్ రోడ్డు ఒక రోజంతా తినేస్తుంది. మర్నాడు జోషీమఠ్ నుంచి పైకి వెళ్ళే ఇరుకు రోడ్డు మీద బళ్ళ వరస. దారిలో కోటు, గమ్ బూట్లు అద్దెకి. పైన జనం తొక్కితొక్కి గట్టిపడిన మంచు మీద ఒకరు చెయ్యిపట్టుకుని లాగుతుంటే స్కీల మీద నాలుగు గజాలు, ఫోటోలు, మ్యాగీ, తిరుగుప్రయాణం. పిల్లలు జీవితంలో మొదటిసారి మంచు ముట్టుకున్నప్పుడు పెట్టే కేక నిజమైనదే, దాన్ని నేను కాదనను. ఆ కేక కోసం అంత దూరం తీసుకెళ్ళిన తల్లిదండ్రుల్ని తప్పు పట్టను. కాకపోతే డిసెంబరు ఆఖరి వారంలో ఆ మంచే ఉండకపోవచ్చన్న సంగతి ప్యాకేజీ అమ్మేవాళ్ళు చెప్పరు.

ఎందుకు ఉండదో తెలుసుకుంటే ఆశ కొంచెం అదుపులో ఉంటుంది. మన వైపు వానలు నైరుతి రుతుపవనాలతో వస్తాయి, ఆలస్యమైనా ఎప్పుడో ఒకప్పుడు వచ్చి తీరతాయని ధీమా ఉంటుంది. పశ్చిమ హిమాలయంలో శీతాకాలపు మంచు సంగతి వేరు. మధ్యధరా సముద్రం వైపు నుంచి ఒకదాని వెనక ఒకటి వచ్చే పశ్చిమ అలజడులనే (వెస్టర్న్ డిస్టర్బెన్సెస్) వాతావరణ వ్యవస్థలే దానికి మూలం. నవంబరు నుంచి మార్చి దాకా అవి ఎన్ని వస్తాయి, ఎంత తేమ తెస్తాయి, ఆ రోజు ఔలీ ఎత్తున చలి చాలినంత ఉందా లేదా, ఇవన్నీ కలిసొస్తేనే మంచు. లేకపోతే ఉత్త వాన, లేదా పొడి చలి. 2024 జనవరిలో పశ్చిమ హిమాలయం దాదాపు అంతా ఎండిపోయింది, గుల్మార్గ్ వాలులే మట్టిరంగులో కనిపించాయి. అంతకుముందు సంవత్సరం, 2023 ఫిబ్రవరిలో, ఔలీలో జరగాల్సిన జాతీయ శీతాకాల క్రీడలు చాలినంత మంచు లేక రద్దయ్యాయి. 2011లో దక్షిణాసియా శీతాకాల క్రీడలకి వేదికైన వాలు ఇది! కృత్రిమంగా మంచు చిమ్మే యంత్రాలు తెచ్చారు, వాటి నీళ్ళ కోసం పైన ఒక చెరువు తవ్వారు. ఆ యంత్రాలకీ సున్నాకి దిగువన చలి కావాలి, బోలెడు నీళ్ళు కావాలి, కరెంటు కావాలి. చలి లేని రోజున అవి కూడా చేతులెత్తేస్తాయి.

ఇంత అనిశ్చితమైన సరుకు మీద ఒక కొండ మొత్తం బతుకు పెట్టడం సరైనది కాదన్నది నా మొదటి వాదన.

రెండోది ఇంకా బరువైనది. జోషీమఠ్ గట్టి రాతి మీద ఉన్న ఊరు కాదు. ఎప్పుడో పాత కాలంలో విరిగిపడిన కొండచరియల గుట్ట మీద, అంటే మట్టీ బండరాళ్ళూ కలిసిన కుప్ప మీద నిలబడిన ఊరు. ఇది ఇప్పుడు కనిపెట్టిన విషయం కాదు. 1976లోనే అప్పటి గఢ్వాల్ కమిషనర్ ఎం.సి. మిశ్రా అధ్యక్షతన వేసిన కమిటీ ఇదంతా రాసిపెట్టింది. భారీ కట్టడాలు వద్దు, బండల్ని తవ్వితీయొద్దు, పేల్చొద్దు, చెట్లు నాటండి, మురుగునీరు నేలలోకి ఇంకకుండా కాలువలు కట్టండి అని. దాన్ని పక్కన పెట్టారు. బహుళ అంతస్తుల హోటళ్ళు లేచాయి. 2011 జనగణనలో 16,709 మంది ఉన్న ఊరికి పూర్తి స్థాయి మురుగు కాలువల వ్యవస్థ లేదు. ఇళ్ళ, హోటళ్ళ వాడుకనీరు చాలావరకు ఇంకుడుగుంతల్లోంచి ఆ మట్టికుప్పలోకే దిగింది.

2023 జనవరిలో ఏం జరిగిందో అందరూ టీవీలో చూశారు. గోడలు నెర్రెలు విచ్చాయి, ఎనిమిదివందలకి పైగా కట్టడాల్లో పగుళ్ళు, ఒకదాని మీదకి ఒకటి ఒరిగిన రెండు హోటళ్ళని విప్పేయాల్సి వచ్చింది. మన హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఉపగ్రహ చిత్రాలు చూసి 2022 డిసెంబరు 27 నుంచి జనవరి 8 వరకు, పన్నెండు రోజుల్లో, ఊరు 5.4 సెంటీమీటర్లు కుంగిందని లెక్కగట్టింది. కొద్దిరోజులకే ఆ నివేదికని వెబ్‌సైటు నుంచి తీసేశారు. జోషీమఠ్ నుంచి ఔలీకి దాదాపు నాలుగు కిలోమీటర్లు సాగే రోప్‌వేని అదే నెలలో ఆపేశారు. ఎందుకు కుంగింది అంటే స్థానికులు తపోవన్-విష్ణుగాడ్ జలవిద్యుత్తు ప్రాజెక్టు సొరంగం వైపు వేలు చూపిస్తారు, కట్టేవాళ్ళు మాకు సంబంధం లేదంటారు. 2009 డిసెంబరులో ఆ సొరంగం తవ్వే యంత్రం భూగర్భ జలధారని చీల్చిందన్నది మాత్రం రికార్డుల్లో ఉంది. ఆ తగాదా తేల్చే పాండిత్యం నాకు లేదు. అయితే పర్యాటకానికి కట్టిన హోటళ్ళ బరువు, వాటి మురుగు ఆ వాలు మీద పడ్డాయన్నది తేల్చడానికి పాండిత్యం అక్కర్లేదు.

ఇక్కడ ఒక చిన్న లెక్క చూడండి. ఒక చోటికి పదివేల మంది పది రోజుల్లో వస్తే రోజుకి వెయ్యి మందికి మంచాలు కావాలి. అదే పదివేల మంది వంద రోజుల్లో వస్తే రోజుకి వంద మంచాలు చాలు. హోటల్ కట్టేవాడు సగటు చూసి కట్టడు, రద్దీ చూసి కడతాడు. నీళ్ళ ట్యాంకు, సెప్టిక్ గుంత, పార్కింగు కోసం తొలిచే కొండ అన్నీ ఆ పది రోజుల కొలతకే. మిగతా కాలమంతా గదులు ఖాళీగా పడి ఉంటాయి, అప్పు వడ్డీ మాత్రం ఆగదు, కాబట్టి ఆ పది రోజుల్లోనే ఏడాది ఆదాయం పిండాలి. డిసెంబరులో గది అద్దె చూసి నోరెళ్ళబెట్టే మనకీ, కుంగుతున్న ఆ వాలుకీ జబ్బు ఒక్కటే.

"ఏడాదంతా జనం వెళ్తే ఊరు ఇంకా కుంగదా?" అని ఒక మిత్రుడు నన్ను నిలదీశాడు. న్యాయమైన ప్రశ్న. అదనంగా జనం రావాలని నేననడం లేదు. ఎలాగూ వెళ్ళే మనం సర్దుకుని వెళ్దామంటున్నాను, వెళ్ళినప్పుడు కొత్త హోటల్లో కాక చుట్టుపక్కల పల్లెల్లో ఉన్న ఇళ్ళలో దిగుదామంటున్నాను. ఉన్న ఇంట్లో ఒక గది ఇవ్వడానికి కొండ తొలచక్కర్లేదు. జనాన్ని పన్నెండు నెలలకి పంచుతామన్న పేరుతో ఇంకో ఐదంతస్తులు లేపితే నా వాదనంతా తలకిందులే. 2019 జూన్‌లో ఒక విదేశీ వ్యాపార కుటుంబం ఔలీలో పెళ్ళి చేసింది. రెండువందల కోట్ల పెళ్ళి అని పత్రికలు రాశాయి. మంచు లేని నెల, పచ్చని బయలు. అంటే సూత్రం ప్రకారం నేను చెప్పే కాలమే. తర్వాత మిగిలిన చెత్త గుట్టలు ఎత్తడానికి పురపాలక సిబ్బంది నానా తంటాలు పడ్డారు. హైకోర్టు మూడు కోట్లు డిపాజిట్ కట్టమని ఆదేశించింది. అలాంటి ఏడాదిపొడుగు పర్యాటకం నాకొద్దు.

సరే, మరి వెళ్ళి ఏం చేయాలి?

నడవాలి. అన్నిటికన్నా ముందు గోర్సోన్ బుగ్యాల్‌కి. బుగ్యాల్ అంటే చెట్లు పెరగడం ఆగిపోయిన ఎత్తులో పరుచుకున్న పచ్చికబయలు. ఔలీ పైభాగం నుంచి మూడు కిలోమీటర్ల దూరం. మొదట ఓక్, దేవదారు అడవి, లోపల ఒక చిన్న గుడి. నాచు పట్టిన కొమ్మల కింద నడుస్తూ ఉండగా చెట్లు ఒక్కసారిగా అయిపోతాయి, ఆకాశం తెరుచుకుంటుంది. అక్టోబరులో ఆ గడ్డి పచ్చగా ఉండదు, కోతకొచ్చిన వరి రంగుకి తిరిగి ఉంటుంది. వానలు గాలిలోని దుమ్మంతా కడిగేసి వెళ్ళాయి కాబట్టి కొండలు చేతికందేలా కనిపిస్తాయి. నందాదేవి, 7,816 మీటర్లు, పూర్తిగా మన దేశంలోనే ఉన్న శిఖరాల్లో అన్నిటికన్నా ఎత్తైనది. ద్రోణగిరి, హాథీ పర్వతం, దూరంగా కామెట్. జనవరిలో ఈ శిఖరాలు కనిపించవని కాదు. మబ్బుంటే కనిపించవు, మబ్బు రానిదే మంచు పడదు. మంచూ కావాలి, శిఖరమూ కనబడాలి అంటే ఒక్క పగలు కోసం వెళ్ళినవాళ్ళకి రెండూ దక్కడం అదృష్టం.

ద్రోణగిరి దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. సంజీవని కోసం ఆంజనేయుడు పెకలించుకుపోయింది ఈ కొండనేనని అక్కడివాళ్ళ నమ్మకం. ఆ కొండ కింద ద్రోణగిరి అనే ఊరుంది, ఆ ఊళ్ళో హనుమంతుణ్ణి పూజించరు. మా దేవుడి కొండని అడక్కుండా తీసుకుపోయాడని ఇప్పటికీ కోపం. వీధివీధికీ ఆంజనేయస్వామి గుడి ఉన్న ప్రాంతం నుంచి వెళ్ళిన నాకు ఆ కోపం ఎంత నచ్చిందో చెప్పలేను. రామాయణాన్ని కొండ వైపు నిలబడి విన్నట్టుంటుంది.

బుగ్యాల్ మీద నడిచేటప్పుడు కిందికి వంగి చూడండి. గొర్రెలు నడిచిన చోట, బూట్లు జారిన చోట గడ్డి చాప చిరిగి లోపలి నల్లమట్టి బయటపడి ఉంటుంది. ఆ చాప మందం జానెడు కూడా ఉండదు. కింద వేళ్ళన్నీ ఒకదానిలో ఒకటి అల్లుకుని ఉంటాయి. ఏడాదిలో ఆరు నెలలు మంచు కింద, మిగిలిన కొద్ది నెలల్లోనే పెరుగుదల, అందుకే చిరిగినచోట అతుకు పడటానికి ఏళ్ళు పడుతుంది. ఈలోపు వాన పడితే ఆ చిరుగులోంచే నీళ్ళు పాయగా దిగి కాలువ తవ్వుతాయి. 2018 ఆగస్టులో ఉత్తరాఖండ్ హైకోర్టు బుగ్యాళ్ళలో రాత్రి బస నిషేధించింది, ఒకచోటికి రెండువందల మందికి మించి వెళ్ళకూడదంది. ట్రెక్కింగ్ నడిపేవాళ్ళు చాలామంది గొణిగారు. నాకు మాత్రం అది మంచి తీర్పే అనిపిస్తుంది. పొద్దున వెళ్ళి సాయంత్రానికి దిగిరాగలిగిన చోట గుడారం దేనికి?

ఇంకా ఓపికున్నవాళ్ళకి క్వారీ పాస్ ఉంది, పన్నెండువేల ఐదువందల అడుగుల పైచిలుకు. వైస్రాయ్ కర్జన్ పేరు మీద బ్రిటిషువాళ్ళ కాలం నుంచి వస్తున్న దారి. మూడు నాలుగు రోజుల నడక, గైడు కావాలి.

అక్టోబరు దాటితే నాకు ఇష్టమైన కాలం మార్చి ఆఖరు నుంచి బదరీనాథ్ తలుపులు తెరిచేదాకా. బురాన్ష్ పూస్తుంది. రోడోడెండ్రాన్ అంటే ఎక్కువమందికి తెలుస్తుందేమో. చెట్టంతా ఎర్రగా గుత్తులు గుత్తులుగా, వెనక ఇంకా కరగని మంచు. ఆ పూలతో షర్బత్ చేస్తారు, వగరుగా తియ్యగా ఉంటుంది. ఏప్రిల్ మధ్యలో వచ్చే బైశాఖీ తర్వాత జోషీమఠ్ దగ్గరి సలూడ్-డుంగ్రా ఊరి గుడి ముంగిట రమ్మాణ్ జరుగుతుంది. 2009లో యునెస్కో గుర్తించిన ఉత్సవం. చెక్కతో చేసిన ముఖోటాలు కట్టుకుని, జాగర్ అనే దేవతల పాటలు పాడుతూ, ఢోలు దెబ్బకి రామకథ ఘట్టాలు ఆడతారు. మాటలుండవు, అడుగూ తాళమే కథ చెప్తాయి. మధ్యలో గేదెల కాపరుల కష్టాలు వస్తాయి, గూర్ఖాలతో జరిగిన పోరు వస్తుంది. ఎవరికీ టికెట్లు అమ్మరు, ఊరి దేవుడు భూమియాళ్ కోసం ఊరంతా కలిసి చేసుకునే పని అది. మన వీధిభాగోతం, తోలుబొమ్మలాట చూసి పెరిగినవాళ్ళు ఆ ముంగిట కూర్చుంటే భాష రాలేదన్న బాధ ఉండదు.

మే, జూన్ మాత్రం వద్దంటాను. బడిసెలవులు ఉండేది అప్పుడేనని తెలుసు. అయితే చార్‌ధామ్ యాత్ర ఊపంతా అప్పుడే ఆ రోడ్డు మీద ఉంటుంది, జోషీమఠ్ నిండిపోతుంది, హేమకుండ్ వెళ్ళే సిక్కు యాత్రికులూ అదే దారి. ఊళ్ళో ఉన్న కుర్రాళ్ళు సగంమంది మంచు కరిగిన ఎత్తుల్లో కీడాజడీ ఏరడానికి పైకి పోయి ఉంటారు, గొంగళిపురుగు మీద మొలిచే ఆ బూజుకి లక్షల్లో ధర. తప్పనిసరిగా మేలోనే వెళ్ళాల్సి వస్తే ఔలీ రోడ్డు వదిలేసి నీతీ లోయ వైపు తిరగండి. చలికాలం కిందికి వలసపోయిన భోటియా కుటుంబాలు అప్పుడే పై ఊళ్ళకి తిరిగొస్తుంటాయి. సరిహద్దు ప్రాంతం, గుర్తింపు కార్డులు దగ్గరుండాలి, అనుమతి సంగతి జోషీమఠ్‌లోనే కనుక్కోవాలి. ఆ దారిలోనే రైణీ ఊరు. 1974 మార్చి 26న గౌరాదేవి, ఆ ఊరి ఆడవాళ్ళు చెట్లని కౌగిలించుకుని గొడ్డళ్ళని వెనక్కి పంపింది అక్కడే. 2021 ఫిబ్రవరి 7న ఋషిగంగలో వచ్చిపడ్డ వరద కూడా ఆ ఊరి కింద నుంచే వెళ్ళింది. రెండువందల మందికి పైగా చనిపోయారు, గల్లంతయ్యారు. ఇవి చూసే చోట్లు కావు, తెలుసుకుని దాటాల్సిన చోట్లు. వాహనం ఆపి ఫోటోలు దిగకుండా, ఊళ్ళో టీ తాగుతూ ఎవరైనా చెప్తే వినండి.

జులై, ఆగస్టు పువ్వుల కాలం. గోవింద్‌ఘాట్ నుంచి ఘాంఘరియా నడిచి, అక్కణ్ణుంచి పువ్వుల లోయ. జూన్ 1 నుంచి అక్టోబరు 31 దాకా తెరిచి ఉంచినా పువ్వులు విరగబూసేది వానల్లోనే. లోయలో రాత్రి ఉండనివ్వరు. ఆ నెలల్లో సిరోబగఢ్, లాంబగఢ్ లాంటి చోట్ల కొండచరియలు పడి రోడ్డు గంటలకొద్దీ, ఒక్కోసారి రోజులకొద్దీ ఆగిపోతుంది. తిరుగు విమానానికి ముందు రెండు రోజులు ఖాళీగా పెట్టుకోలేనివాళ్ళు, పెద్దవాళ్ళని వెంటబెట్టుకున్నవాళ్ళు ఆ సాహసం చేయొద్దు. భాద్రపదంలో నందాష్టమి వస్తుంది. నందాదేవి ఆ కొండలకి ఆడపడుచు, పుట్టింటికొచ్చి మళ్ళీ కైలాసానికి, అత్తారింటికి వెళ్ళిపోతుంది. పల్లెల్లో మగవాళ్ళు పై బయళ్ళకి వెళ్ళి బ్రహ్మకమలాలు తెస్తారు, ఆడవాళ్ళు సాగనంపే పాటలు పాడతారు. ఒక్క ముక్క అర్థం కాకపోయినా అప్పగింతల పాటని మనం పోల్చుకోగలం.

ఇక ఏ నెలలో వెళ్ళినా చేయగలిగినవి రెండు. ఒకటి నరసింహస్వామి గుడి. అహోబిలం, సింహాచలం, యాదగిరిగుట్ట ఉన్న మనం ఔలీ వెళ్తూ ఆ గుడి ముందు నుంచి ఆగకుండా పోవడం నాకు వింతగా ఉంటుంది. సాలగ్రామ శిల మీద చిన్న మూర్తి. ఎడమ చెయ్యి ఏటేటా సన్నబడుతోందంటారు. అది విరిగిన రోజున విష్ణుప్రయాగ దగ్గర కొండలు కలిసిపోయి బదరీ దారి మూసుకుపోతుందని, అప్పుడు స్వామి తపోవన్ పైన అడవిలోని భవిష్య బదరీలో వెలుస్తాడని చెప్తారు. ఆ కథ విన్నాక మిశ్రా కమిటీ మాటలు గుర్తుకొస్తే ఒళ్ళు జలదరిస్తుంది. ఈ కొండ శాశ్వతం కాదు, జాగ్రత్తగా ఉండండి అని ఆ ఊరు తనకు తాను ఎప్పటినుంచో చెప్పుకుంటూనే ఉంది.

రెండోది వంటిల్లు. హోటల్లో పనీర్ బటర్ మసాలా తినడానికి అంత దూరం వెళ్ళక్కర్లేదు. నేను దిగిన ఒక ఇంట్లో దీదీ రాత్రే ఉలవలు నానబోసింది. పొద్దున రోట్లో బరకగా రుబ్బి, ఇనప మూకుట్లో సగం పిండిని చిన్న అట్లలా కాల్చి, మిగతాదాన్ని నీళ్ళతో పలచగా మరిగించి, కాల్చిన ముక్కలు అందులో వేసింది. దాన్ని ఫాణూ అంటారు. పక్కన రాగిరొట్టె మీద నెయ్యి, భంగు గింజల పచ్చడి. ఇంకోరోజు ఊదల పాయసం. రాగులు, ఉలవలు, ఊదలు, మన మెట్టపొలాల పంటలే ఆరువేల అడుగుల మీద కూడా. "మీ దగ్గర ఉలవలు ఏం చేస్తారో అమ్మకి చెప్పండి" అని వాళ్ళ అబ్బాయి అడిగితే ఉలవచారు గురించి చెప్పాను. ఎంతసేపు మరగాలని ఆవిడ గుచ్చిగుచ్చి అడిగింది. ఇలాంటి పూట కోసం తీరిక కావాలి, ఆ ఇంటివాళ్ళకీ తీరిక ఉండాలి. జనవరి రద్దీలో ఇద్దరికీ ఉండదు.

అక్టోబరుకి మనసు కుదిరినవాళ్ళకి కొన్ని ఆచరణ మాటలు. డెహ్రాడూన్ దాకా విమానంలోనో, హరిద్వార్ దాకా రైల్లోనో వెళ్ళి, రిషీకేశ్ నుంచి తెల్లవారకముందే బయల్దేరండి. చీకటి పడ్డాక కొండ రోడ్డు మీద బళ్ళని పోనివ్వరు. మొదటి రాత్రి జోషీమఠ్ ఎత్తులోనే పడుకోండి, మర్నాడు పైకి వెళ్తే తలనొప్పి తక్కువ. ఔలీలో రాత్రిళ్ళు చలి సున్నాకి దగ్గరగా దిగుతుంది, ఉన్ని బట్టలు ఇంటి నుంచే తీసుకెళ్ళండి. రోప్‌వే మీద ఆశ పెట్టుకోకుండా రోడ్డు దారినే లెక్కేసుకోండి. కనీసం నాలుగు రాత్రులు ఉండండి. ప్లాస్టిక్ ఏదీ పైన వదలకుండా రిషీకేశ్ దాకా వెనక్కి మోసుకురండి.

అక్టోబరు కుదరక నవంబరుకి జరిగితే, తేదీ ఎంచుకోవడానికి నేను వాడే పద్ధతి ఒకటుంది. బదరీనాథ్ తలుపులు మూసే రోజుని ఏటా విజయదశమి నాడు ప్రకటిస్తారు, సాధారణంగా అది నవంబరు మధ్యలో పడుతుంది. ఆ తేదీ రాగానే దానికి ఒకరోజు ముందు నుంచి వారం రోజులకి గది మాట్లాడుకోండి. మూసేరోజు బదరీలో ఉండి, తర్వాత ఆది శంకరుల గద్దె పాండుకేశ్వర్ మీదుగా జోషీమఠ్ నరసింహస్వామి గుడికి దిగివచ్చే ఊరేగింపుతో పాటే కిందికి రావచ్చు. ఆ మర్నాటి నుంచి రోడ్డు ఖాళీ, గదుల అద్దె సగం, గోర్సోన్ మీద ఇంకా గడ్డే ఉంటుంది.